ప్రకటనలో తప్పు ఎవరి కంటికి కనబడుతుంది?

తెలుగు పీరియడ్‌లో మనం పద్యాన్ని విమర్శిస్తాం, కథను విమర్శిస్తాం, ఆఖరికి పాఠం కింద ఇచ్చిన ప్రశ్నను కూడా బాగాలేదని అంటాం. పేపరు మొదటి పేజీ నిండా వచ్చే రాజకీయ ప్రకటనను మాత్రం ఎవరూ విమర్శకు పనికొచ్చే రచనగా చూడరు. పేజీ తిప్పేసి లోపలికి పోతాం. కానీ అందులోనూ మాటలున్నాయి, బొమ్మ ఉంది, చెప్పేవాళ్ళున్నారు, వినేవాళ్ళున్నారు. ఒకే పొద్దున లక్షల మంది కళ్ళ ముందుకు వచ్చే రచన అది. అందుకే ఈసారి మన పత్రికకు పుస్తకాన్ని వదిలేసి ప్రకటనలను తీసుకున్నాను. అందులోనూ తప్పు జరిగి నలుగురి నోళ్ళలో పడిన ప్రకటనలను.

ఈ పనికి హచ్చొళ్ళి వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. మనది కర్ణాటక, సిరుగుప్ప తాలూకా. కొంచెం దూరం పోతే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు కాబట్టి రెండు రాష్ట్రాల ఎన్నికల మాటలూ మన పెళ్ళిపందిళ్ళలోనే వినబడతాయి. ఇక్కడి ముఖ్యమంత్రి నవ్వుతున్న కన్నడ పేపరు, అక్కడి ముఖ్యమంత్రి నవ్వుతున్న తెలుగు పేపరు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎవరు మారినా నవ్వు మాత్రం ఒకే రకంగా ఉంటుంది.

ముందు అందరూ నవ్వుకున్న తప్పు చెప్తాను. 2021 సెప్టెంబర్ 12న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ ప్రకటన వచ్చింది. ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఫోటో, దాని కింద రాష్ట్రం ఎంత మారిపోయిందో చూపించే బొమ్మలు. అందులో ఒకటి పెద్ద ఫ్లైఓవర్. దాని మీద పసుపుపచ్చ టాక్సీలు పోతున్నాయి. ఆ టాక్సీలే పట్టించాయి. అది కోల్‌కతాలోని ‘మా’ ఫ్లైఓవర్. ‘మా’ అంటే అక్కడ అమ్మ అని అర్థం. తెలుగులో చదివితే మాత్రం ‘అది మాది’ అని బెంగాల్ వాళ్ళు తగాదాకు వచ్చినట్టే ఉంటుంది. తృణమూల్ నాయకులు రోజంతా ఎగతాళి చేశారు. చివరికి ఆ పత్రిక, తమ మార్కెటింగ్ విభాగం వల్ల జరిగిన పొరపాటని క్షమాపణ చెప్పి, డిజిటల్ ఎడిషన్ల నుంచి ఆ బొమ్మను తీసేసింది.

ఇది మనవాళ్ళకే వచ్చిన జబ్బు కాదు. 2016లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన మార్కో రూబియో ‘అమెరికాలో మళ్ళీ తెల్లవారింది’ అనే అర్థం వచ్చే టీవీ ప్రకటన వేశాడు. మొదట్లో అందమైన ఓడరేవు, వెనక ఊరు. అది కెనడాలోని వాంకూవర్. నీళ్ళలో పోతున్న పడవ మీద కెనడా జెండా కూడా ఉంది. అమెరికాలో తెల్లవారిందని చెప్పడానికి పక్క దేశంలో కెమెరా పెట్టినట్టయింది.

ఇలాంటివి ఎట్లా జరుగుతాయో ఊహించడం కష్టం కాదు. శాఖ ఏం కావాలో చెప్తుంది. ప్రకటనల సంస్థ ఫోటోలు అమ్మే చోట ‘ఫ్లైఓవర్’ అని వెతికి ఒకటి తెచ్చుకుంటుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నతను దాన్ని పేజీలో అతికిస్తాడు. అధికారి ముఖ్యమంత్రి ఫోటో సరిగ్గా ఉందా, పేరు ముందు గౌరవవాచకం ఉందా అని చూసి సంతకం పెడతాడు. ఈ వరసలో ఒక్కరు కూడా ఆ ఫోటో తీసిన ఊళ్ళో ఉండేవాళ్ళు కారు.

పత్రికలకు, టీవీలకు ఇలాంటి తప్పు అంటే పండగ. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే వార్త అయిపోతుంది, కష్టపడి ఊరూరా తిరగాల్సిన పని లేదు. ఓటరు? మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో బీజేపీ 403 స్థానాల్లో 255 గెలిచింది. ఆ నవ్వు ఓటింగ్ యంత్రం దాకా పోలేదు. ఇందులో ఓటరును తెలివితక్కువవాడు అనడానికి నాకేమీ కనబడదు. ఎవరి ఫ్లైఓవరో ఫోటోలో పడితే మీరట్ దగ్గర చెరకు రైతుకు పోయేదేముంది, వచ్చేదేముంది?

కానీ ఫోటోలో వంతెన బదులు మనిషి ఉంటే?

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రైతుబీమా, కంటివెలుగు పథకాలకు పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు ఇచ్చింది. రైతుబీమా చిన్న పథకం కాదు. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఆ ఇంటికి 5 లక్షల రూపాయలు వచ్చేలా, కిస్తీ ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కట్టే పథకం. చెప్పుకోదగ్గ పనే. ఆ ప్రకటనల్లో ఒక రైతు కుటుంబం ఫోటో వేశారు. ఒక ప్రకటనలో ఆ స్త్రీ పక్కన ఆమె భర్త ఉన్నాడు. ఇంకో ప్రకటనలో అదే స్త్రీ, అదే నిలబడటం, పక్కన మాత్రం వేరే మగమనిషి. ఎవరో కంప్యూటర్లో ఒకరిని తీసేసి ఇంకొకరిని అతికించారు. వాళ్ళు ఫోటోకు పుట్టిన బొమ్మ మనుషులు కారు, సూర్యాపేట జిల్లాలో నిజంగా బతుకుతున్న పేద కుటుంబం. ఊళ్ళో, చుట్టాల్లో నవ్వులపాలయ్యామని బాధపడ్డారు. గొడవ పెద్దదయ్యాక ప్రకటన తయారుచేసిన వాళ్ళకు ప్రభుత్వం నోటీసు ఇచ్చింది.

ఈ తప్పు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. కోల్‌కతా వంతెనను లక్నోకు తెస్తే వంతెనకు సిగ్గు లేదు. మన ఊళ్ళలో ఒక ఆడమనిషి ఫోటో పక్కన వేరే మగవాడిని నిలబెట్టి రాష్ట్రమంతా పంచితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన అమ్మలను అడిగితే చెప్తారు. ఆమె బోరింగు దగ్గరికి నీళ్ళకు పోవాలి, కూలికి పోవాలి, పెళ్ళికి పోవాలి. పోయిన ప్రతి తావా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. భర్త సంగతి చెప్పనక్కరలేదు. రైతు చనిపోతే ఇంటికి అండగా ఉంటామని చెప్పే ప్రకటనలోనే బతికున్న భర్తను తుడిచేశారు. ప్రకటన రాసినవాళ్ళు ఈ సంగతి గమనించి ఉండరు. చూసినవాళ్ళు మాత్రం గమనించకుండా ఎలా ఉంటారు?

మరి మీడియా ఏం చేసింది? ఒక రకంగా మంచిపనే చేసింది, తప్పు బయటపెట్టింది. కానీ తప్పు ఫోటో గురించి చెప్పడానికి మళ్ళీ ఆ ఫోటోలనే ముఖాలతో సహా వేసింది. ప్రకటన చూడనివాళ్ళు కూడా వార్తలో చూశారు. ‘భర్త మారాడు’ అన్నట్టు హాస్యంగా చెప్పుకోవడానికి వీలైన వార్త కాబట్టి అది ఫోన్ల నిండా తిరిగింది. ప్రభుత్వం పరువు తియ్యాలనుకున్నారు, నిజంగా పోయింది ఆ కుటుంబం పరువు. ప్రతిపక్షాలు కూడా ఆ రెండు బొమ్మలనే చేతిలో పట్టుకొని మాట్లాడాయి. ఆ ముఖాలను మసకగా చేసి చూపిస్తే వార్తకు వచ్చిన నష్టం ఏమిటో నాకు అర్థం కాలేదు.

2021 ఫిబ్రవరిలో కోల్‌కతా పత్రికల్లో కేంద్ర ప్రభుత్వ ప్రకటన వచ్చింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద బెంగాల్‌లో లక్షల కుటుంబాలకు ఇళ్ళు వచ్చాయని చెప్తూ ప్రధాని పక్కన నవ్వుతున్న ఒక మహిళ ఫోటో వేశారు. విలేకరులు వెతుక్కుంటూ పోయి చూస్తే ఆమె కోల్‌కతాలో ఒకే గదిలో అద్దెకు ఉంటోంది. ఫోటో ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో ఆమెకు తెలియదు. ఇక్కడ మాత్రం విలేకరుల పనిని మెచ్చుకోవాలి. బొమ్మలు పోల్చి ఊరుకోకుండా ఆ ఇంటి గడప దాకా పోయారు. ఆ రోజు పేపర్లో అన్నిటికంటే పెద్ద నిజం ఆ అద్దె గదే.

మనిషి ముఖంతో ఆడుకుంటే ఓటరుకు కోపం వచ్చిన సందర్భం లేకపోలేదు. 1993 అక్టోబర్‌లో కెనడా ఎన్నికల్లో అధికార పార్టీ ఒక టీవీ ప్రకటన వేసింది. ప్రత్యర్థి ఝాన్ క్రెటియెన్‌కు చిన్నప్పటి నుంచి ముఖం ఒక పక్క పక్షవాతం. ఆ ముఖాన్నే దగ్గరగా చూపించి, ఈయన ప్రధాని అవడానికి తగునా అన్నట్టు మాటలు పెట్టారు. జనం మండిపడ్డారు. ఆ పార్టీ అభ్యర్థులే కొందరు ఆపమని అడిగారు. ప్రకటనను వెంటనే వెనక్కి తీసుకున్నారు. ఓట్లు లెక్కపెడితే అధికార పార్టీకి దేశం మొత్తం మీద వచ్చింది రెండు స్థానాలు. ఆ పార్టీ పరిస్థితి అప్పటికే బాగాలేదు కాబట్టి అంతా ఆ ప్రకటన వల్లే అంటే అతి అవుతుంది. అయినా అక్కడ అవమానపడింది పెద్ద నాయకుడు. ఆయనకు మైకు ఉంది, తిరిగి జవాబు చెప్పుకున్నాడు, ప్రధాని కూడా అయ్యాడు. సూర్యాపేట ఇల్లాలికి మైకు ఎవరిస్తారు? 2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్ 119లో 88 స్థానాలతో మళ్ళీ గెలిచింది. ఓటరు పథకం డబ్బులు చూశాడు, ఫోటో చూడలేదు.

అయితే ఓటరు ప్రకటనలోని తప్పును ఎప్పుడూ పట్టించుకోడా? పట్టించుకుంటాడు. కాకపోతే పేపరువాళ్ళు వెతికే తావులో వెతకడు.

2004 ఎన్నికల ముందు ఎన్‌డీయే ప్రభుత్వం ‘ఇండియా షైనింగ్’ అని దేశమంతా ప్రకటనలు వేసింది. అందులో తప్పు ఫోటో లేదు, అచ్చుతప్పు లేదు, వేరే రాష్ట్రం వంతెన లేదు. ప్రకటనగా చూస్తే చక్కటిది. తెలుగులో దాన్ని ‘భారత్ వెలిగిపోతోంది’ అన్నారు. ఇక్కడ మన భాష గురించి ఒక్కమాట. తెలుగులో ‘వెలిగిపోతున్నావులే’ అంటే అది మెప్పు అవునో కాదో చెప్పడం కష్టం. పరీక్షలో తప్పినవాణ్ణి మా జేజి ‘బాగా వెలగబెట్టినావు’ అంటుంది. ఆ మాటలోనే వెక్కిరింపు దాక్కుని ఉంటుంది. ఇంగ్లీషులో మెరిసిన మాట తెలుగులోకి రాగానే చేదెక్కింది. అందులోనూ అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వరసగా కరువు. రైతుల ఆత్మహత్యల వార్తలు, దాని పైపేజీలో వెలుగుల ప్రకటన. రాష్ట్రంలో అధికారంలో ఉన్న తెలుగుదేశం 294లో 47 స్థానాలకు పడిపోయింది. కేంద్రంలో బీజేపీ 182 నుంచి 138కి వచ్చింది. ఆ నినాదం ఎన్నికలకు తగినది కాదని ఎల్.కె. అద్వానీ తర్వాత ఒప్పుకున్నారు. అప్పుడు కాంగ్రెస్ వేసిన ఎదురు ప్రకటన చాలా సాదాది. మామూలు మనిషికి ఏం దక్కింది అని ఒక ప్రశ్న, అంతే. ప్రశ్న కాబట్టి జవాబు చదివినవాళ్ళ ఇంట్లోనే ఉంది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన పక్కనే, సరిహద్దు అవతల ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం భూముల రీసర్వే మొదలుపెట్టింది. వందేళ్ళ కిందటి కొలతలను సరిచేయడం అవసరమైన పనే. కానీ సర్వే అయ్యాక ఇచ్చిన పట్టాదారు పాసుబుక్కుల మీద ముఖ్యమంత్రి ఫోటో వేశారు. గట్ల మీద పాతిన సర్వే రాళ్ళ మీద కూడా వేశారు.

మా పెద్దమ్మవాళ్ళది కౌతాళం వైపు. పెద్దమ్మ పాసుబుక్కు చూపిస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. “సేను మా మామది. రాళ్ళేరినోళ్ళం మేము. దీనిమీద ఆయప్ప బొమ్మ యాల?” ఆమె ఏ పార్టీ మనిషీ కాదు. అమ్మఒడి డబ్బులు వచ్చినప్పుడు సంతోషపడింది కూడా. పేపర్లో ఫోటో వేస్తే ఆమెకు అభ్యంతరం లేదు, పేపరు మరుసటి రోజు బజ్జీల పొట్లం అవుతుంది. పాసుబుక్కు అలా కాదు. పెళ్ళినాటి చీర, బంగారం రసీదు, చనిపోయిన పెద్దవాళ్ళ ఫోటో, వీటితోపాటు ట్రంకుపెట్టెలో అడుగున దాచుకునే వస్తువు. బ్యాంకు అప్పుకు అదే, కూతురి పెళ్ళికి అదే. మన వైపు పహణి కాగితం తెచ్చుకుంటే దాంట్లో సర్వే నంబరు, పేరు, ఎకరాలు, గుంటలు. అదే చూడాలని చూస్తాం.

ఎన్నికలప్పుడు మన బడి పోలింగ్ కేంద్రం అవుతుంది కదా. నియమావళి ప్రకారం శిలాఫలకాల మీద నాయకుల పేర్లకు కాగితం అంటిస్తారు, అందరూ చూసే ఉంటారు. గోడ మీది పేరుకు కాగితం అంటించొచ్చు. ట్రంకుపెట్టెలో ఉన్న ఫోటోకు ఎవరు అంటిస్తారు?

దానికి తోడు భూహక్కుల చట్టం మీద ‘భూమి లాక్కుంటారు’ అనే భయం అంతటా పాకింది. ఆ భయంలో ఎంత నిజం, ఎంత ప్రచారం అనేది వేరే వ్యాసం. కానీ భయపడే మనిషి చేతిలో ఫోటో ఉన్న పాసుబుక్కు ఉండటం ప్రత్యర్థులకు ఖర్చులేని ప్రకటన అయిపోయింది. తమ డబ్బుతో అచ్చువేసి తమకే వ్యతిరేకంగా ఇంటింటికీ పంచుకున్నట్టయింది. 2024లో వైఎస్సార్‌సీపీ 175లో 151 నుంచి 11కు వచ్చింది. ఫోటో ఒక్కటే ఓడించిందని నేను అనను. ధరలు, ఉద్యోగాలు, రోడ్లు, రాజధాని, అన్నీ ఉన్నాయి. కొత్త ప్రభుత్వం మాత్రం వచ్చీ రాగానే ఆ చట్టాన్ని రద్దుచేసింది, పాసుబుక్కుల మీద రాజముద్ర వేయాలని నిర్ణయించింది. గెలిచినవాళ్ళకు ఓటరు ఎక్కడ మండాడో తెలుసన్నమాట.

ఈ విషయంలో మీడియాను నమ్మి లాభం లేదు. ఆంధ్రాలో ఏ పేపరు ఏ పార్టీ వైపు ఉంటుందో మన బస్టాండు హోటల్లో టీ తాగేవాళ్ళకు కూడా తెలుసు. ఒక పేపర్లో ఆ ఫోటో మహాపరాధం, ఇంకోదాంట్లో అసలు వార్తే కాదు. రెండూ చదివితే తప్ప పాసుబుక్కు ఎలా ఉందో తెలియదు.

మన రాష్ట్రం సంగతి వదిలేస్తే పక్షపాతం అంటారు. 2023 మేలో కర్ణాటక ఎన్నికలకు కొద్ది రోజుల ముందు కాంగ్రెస్ పార్టీ ‘అవినీతి రేటు కార్డు’ అని పేపర్లలో ప్రకటన వేసింది. బీజేపీ పాలనలో ఏ పదవికి ఎంత, ఏ బదిలీకి ఎంత అని ధరల పట్టిక. హోటల్లో ఇడ్లీ, దోసె ధరలు రాసినట్టు ఉంటుంది. ఆధారాలు చూపించమని ఎన్నికల సంఘం కేపీసీసీ అధ్యక్షుడు డి.కె. శివకుమార్‌కు నోటీసు ఇచ్చింది. బీజేపీ పరువునష్టం కేసు వేసింది. నా దృష్టిలో అది చెడ్డ ప్రకటనే. అంకెలు వేసి ఆధారం చూపకపోతే లెక్కల సార్ మనకు సున్నా వేస్తారు. ఓటరు అయితే 224లో 135 స్థానాలు ఇచ్చాడు. కాంట్రాక్టర్ల ‘40 శాతం’ మాట అప్పటికే ఊరూరా నానింది కాబట్టి పట్టికను ఎవరూ కూడికలు వేసి చూడలేదు. పత్రికల విషయం ఇంకా విచిత్రం. ఆ రోజు డబ్బు తీసుకొని ప్రకటన వేశారు, తర్వాత నోటీసును వార్తగా వేశారు. ప్రకటన ఉన్న పేజీకి, వార్త ఉన్న పేజీకి మధ్య గోడ ఉంటుందంటారు. చదివేవాళ్ళకు అది కనబడదు, కాగితం ఒకటే.

అదే ఏడాది నవంబర్‌లో మన కర్ణాటక ప్రభుత్వం గృహలక్ష్మి, గృహజ్యోతి లాంటి గ్యారంటీల గురించి తెలంగాణ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. అక్కడ అప్పుడే ఎన్నికలు, అక్కడ కాంగ్రెస్ హామీలు కూడా ఇలాంటివే. బీఆర్ఎస్, బీజేపీ ఫిర్యాదు చేస్తే, ముందస్తు అనుమతి లేకుండా ఇవ్వడం నియమావళికి విరుద్ధమని నవంబర్ 27న ఎన్నికల సంఘం వాటిని ఆపించి సంజాయిషీ అడిగింది. ఓట్లు అడగలేదు, చేసిన పని చెప్పుకున్నాం అని కర్ణాటక నాయకులు వాదించారు. నవంబర్ 30న పోలింగ్ జరిగింది, 119లో 64 స్థానాలతో కాంగ్రెస్ గెలిచింది. హచ్చొళ్ళిలో ఉండి తెలుగు చదివే నాకు ఇందులో ఒక చిన్న సరదా ఉంది. కర్ణాటక ప్రభుత్వం పథకాల గురించి మేము కన్నడ ప్రకటనల్లో చదువుకుంటాం, రాష్ట్ర భాష కాబట్టి అది న్యాయమే. అవే పథకాలు హైదరాబాద్ పాఠకుల ముందుకు పోయేసరికి ఎన్నికల తేదీ వచ్చింది. మన సొమ్ముతో వేసిన ప్రకటన, ఆ పథకంలో ఒక్క రూపాయి కూడా రాని వాళ్ళ కోసం.

నాయకుల ఫోటోల మీద సుప్రీంకోర్టులోనే తేల్చారు. 2015 మేలో ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలు తప్ప వేరేవాళ్ళవి వద్దన్నారు. రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫోటోలకు కూడా అనుమతి వచ్చింది. ప్రకటన అడుగున కుడివైపో ఎడమవైపో చిన్న అక్షరాల్లో ఏ శాఖ జారీచేసిందో ఉంటుంది, పక్కన ఒక నంబరు కూడా ఉంటుంది. భూతద్దం పెట్టి చదవాలి. ఫోటోలో నవ్వుతున్న రైతు పేరు, ఊరు అక్కర్లేదు, కనీసం ‘అడిగి తీసిన ఫోటో’ అనే రెండు మూడు మాటలకు అక్కడ చోటు ఉంది. ఈ వ్యాసం కోసం ఇంట్లో, బడిలో పాత పేపర్లన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లో కూడా ఆ మాటలు దొరకలేదు.